పుర్రచేతి కుట్టు

మూత తీసిన సీసా దగ్గర ఆపాను కదా పోయినవారం. అక్కణ్ణించే ఎత్తుకుంటాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మంకెసిమ్ సంతలో నాది కుట్టుమిషను కొట్టు, పక్కది అరబా షిటో కొట్టు. ఎండురొయ్యలు, పొగచేప, అల్లం, మిరప అన్నీ నూనెలో నల్లబడేదాకా వేయించి ఆవిడ చేసే ఆ కారం కోసం టకొరాడీ లారీలవాళ్ళు కూడా బండి ఆపుతారు. ఆవిడ మూడో కూతురు మాన్సాకి పద్నాలుగేళ్ళు. ఈ ఏడే కొండమీది ఆడపిల్లల బడిలో చేరి హాస్టల్లో ఉంటోంది. మధ్య సెలవులకి వచ్చినప్పుడు మళ్ళీ నింపించుకుపోదామని ఖాళీ సీసా ఒకటి తెచ్చింది. అడుగున అంటుకున్న కాస్త కారాన్ని అరబా వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. పెట్టుకున్న మనిషి అలాగే ఉండిపోయింది. సీసా తనది, మూత మీద చీటీ తనది. లోపలి కారం మాత్రం తన చేతిది కాదు.

అదే రోజు పిల్ల యూనిఫారం గుండీ కోసం నా దగ్గరికొచ్చింది. మెడపట్టీ దగ్గర జానెడు చిరుగు, దాన్ని ఎవరో కుట్టారు. కుట్టు ముచ్చటగా ఉంది గాని, పోగులు వాలవలసిన వైపు కాక రెండోవైపు వాలి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా సూది పట్టినదాన్ని, నాకు ఆ మాత్రం తెలీదా? కుట్టింది పుర్రచేతి వాటం మనిషి.

పిల్లని అడిగితే "నాకు తెలీదు" అంది. రెండోసారి అడిగితే నేలచూపులు చూసింది. అరబా మొగుడు ఎబో లారీ తోలుతాడు, వారానికి రెండుసార్లు ఆ కొండకింద రోడ్డు మీదుగానే పోతాడు. ఇంకేం కావాలి? "అక్కా, అక్కడెవత్తో ఉంది. నా మొగుడికి వండి పెట్టేది చాలక నా పిల్లని కూడా మచ్చిక చేసుకుంటోంది" అని అరబా తేల్చేసింది. నేను కాదనలేదు. నిజం చెప్పొద్దూ, ఎగదోశాను కూడా. "పుర్రచేతిది ఎక్కడున్నా పట్టేస్తా పద" అన్నది నేనే.

అలా నెలాఖరు ఆదివారం, తల్లిదండ్రులు పిల్లల్ని చూసుకునే రోజు, ఇద్దరం ట్రోట్రో వ్యాను ఎక్కాం.

అరబా ఒళ్ళో అరటాకుల్లో చుట్టిన పులిసిన మొక్కజొన్న పిండి కెంకీ ముద్దలు, వేయించిన చేపలు, కాళ్ళ దగ్గర సంచిలో నాలుగు సీసాలు. బండి గతుకులో పడ్డప్పుడల్లా సీసాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి, ఆవిడ కాలితో వాటిని దగ్గరికి లాక్కుంటోంది.

"నాలుగెందుకే? నెల రోజులకి ఒక్క పిల్లకి!" అన్నాను.

"అడిగింది మరి. మొదటి నెల ఒకటి, తరవాత రెండు, పోయిన నెల మూడు. హాస్టలు హాస్టలంతా నా షిటో అంటే పడి చస్తోందట. ఊరికే బోర్డు రాయించానా?"

రాయించింది. కొట్టు ముందు ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు: కొండమీది బడిపిల్లలు మెచ్చిన షిటో. ఆ బోర్డు ఆరేదాకా పక్కనే కుర్చీ వేసుకు కూర్చుంది మహాతల్లి.

నా ఒళ్ళో కూడా ఒక పొట్లం ఉంది. మా కుకువా కోసం. అది నా కూతురి కూతురు. కూతురు అక్రాలో ఇళ్ళల్లో పని చేస్తుంది, పిల్ల నా చేతికిందే పెరిగింది. మాన్సా తరగతే, అదే హాస్టలు. ఇద్దరినీ ఒకేరోజు చేర్చాం. కాని మాన్సాలా ఏ గొడవా పెట్టే పిల్ల కాదు. ఎప్పుడు చూసినా పళ్ళికిలిస్తూ ఉంటుంది. దాని తిండిపెట్టె తాళంచెవికి పసుపు గుడ్డపీలికతో నేనే ఒక పువ్వు చుట్టి, నా ముడి వేసి కట్టాను, పారేసుకోకుండా. ఈ నెలల్లో ఒక్కసారైనా అది మొహం ముడుచుకుంది లేదు. ఆ మాట అరబాతో అన్నాను కూడా.

"పెంపకాన్ని బట్టి ఉంటుందే" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నాలిక కరుచుకుంటాను.

గేటు దాటగానే వేపచెట్ల కింద చాపలు, గుడ్డలు, తల్లులు, గిన్నెలు. నన్ను చూడగానే కుకువా పరుగెత్తుకుంటూ వచ్చి నడుం వాటేసుకుంది.

"అమ్మమ్మా, లావయ్యావే!"

"నోర్ముయ్యి. బాగున్నావా?"

"బ్రహ్మాండం!" అంది, పొట్లం లాక్కుంది, పగలబడి నవ్వింది, స్నేహితురాళ్ళ బెంచీ దగ్గరికి పోయి కూర్చుంది. అంతే. నా పని అయిపోయింది. నా అనుమానాలన్నీ పక్కింటి పిల్ల కోసం దాచుకున్నాను.

మాన్సా నడిచి వచ్చింది. సెలవులకి చూసినప్పటికన్నా మెడ సన్నబడింది. తల్లి ముందు నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"లెక్కల్లో ఎన్నొచ్చాయి?" అంది అరబా.

"యాభై నాలుగు."

"యాభై నాలుగా! ఇంగ్లీషులో? టీచరేమంది? తింటున్నావా? మరి ఈ ఎముకలేంటి? పొద్దున ప్రార్థనకి లేస్తున్నావా?"

పిల్ల ఒక్కోదానికీ తలూపింది. ఆఖరున గొంతు తగ్గించి, "అమ్మా, నీకొకటి..." అంది.

"ఉండు, ముందు నేనడిగింది చెప్పు. మీ నాన్న ఇక్కడికొస్తాడా? ఎవరితో వస్తాడు?"

మాన్సా నోరు మూతపడింది. కళ్ళు ఒక్క క్షణం చెట్ల అవతలికి, పొగ లేస్తున్న వంటింటివైపు పోయి వచ్చాయి. నేను చూశాను. అరబా నాకన్నా ముందే చూసింది.

"చూశావా అక్కా? వంటింటికేసి చూసింది. పద."

పిల్లని చాప మీద కూర్చోబెట్టి ఇద్దరం దొంగల్ని పట్టేవాళ్ళలా బయల్దేరాం. సీసాల సంచి అరబా భుజానే ఉంది. ఒక తల్లి తన కూతురు చెప్పబోయిన మాటని చాప మీద వదిలేసి, చెప్పని మాట వెతుక్కుంటూ పోవడం ఇప్పుడు తలుచుకుంటే నాకు కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. అప్పుడైతే మాత్రం భలే హుషారుగా ఉంది.

వంటింట్లో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఇద్దరు పడుచువాళ్ళు, వాళ్ళు కుడిచేత్తో ఉల్లిపాయలు తరుగుతున్నారు. మూడో ఆవిడ పెద్దది, అరవై దాటినట్టుంది. కుడిచేత్తో గరిటె పట్టి పెద్ద కుండలో తిప్పుతోంది గాని ఆ తిప్పడం అరువు చేత్తో తిప్పినట్టుంది. మా దేశంలో ఎడమచెయ్యి చూపించడం ఎంత అమర్యాదో మీకు తెలిసిందే. పుర్రచేతి పిల్లల్ని చిన్నప్పుడే కొట్టి మాన్పిస్తారు, వాళ్ళు పెద్దయ్యాక కూడా నలుగురిలో దాచుకుంటారు. నాకు ఒక ఉపాయం తోచింది. అరబా సంచిని గట్టు మీద పెట్టించి, పక్కకి తిరుగుతూ మోచేత్తో ఒక సీసాని అంచుదాకా నెట్టాను.

సీసా జారింది. పెద్దావిడ గరిటె వదిలేసి చటుక్కున పట్టుకుంది, ఎడమచేత్తో.

పట్టుకున్నాక తనే కంగారుపడి కుడిచేతికి మార్చుకుంది. "ఎడమచెయ్యి, తప్పుగా అనుకోకండమ్మా" అంటూ అరబాకి అందించింది.

అరబా అందుకోలేదు. "అనుకుంటాను," అంది. "నా కూతురికి నువ్వేం వరస?"

"ఎవరు నీ కూతురు?"

"మాన్సా."

పెద్దావిడ సీసా మీది చీటీ చూసింది, అరబా మొహం చూసింది. మెల్లగా సీసాని గట్టు మీద పెట్టింది. "ఓహో. షిటో అమ్మవా," అంది. "నా పేరు దెడే. నీ కూతురికి నేను వంటమనిషి వరస."

"వంటమనిషి అందరికీ వండాలి. ఒక్క పిల్ల సీసాలో దొంగచాటుగా కారం పోయడమేంటి? అందులోనూ అల్లం లేని కారం! మీ అక్రా 'గా' తెగవాళ్ళు చేసేదే ఆ తెల్లమొహం షిటో, నాలిక మీద పెట్టగానే కనుక్కున్నా."

"మీ ఫాంటీవాళ్ళ షిటోలో అల్లం తప్ప ఇంకేం ఉంటుందిలే," అంది దెడే. పడుచువాళ్ళిద్దరూ కిసుక్కుమన్నారు.

"మాట మార్చకు. మా ఆయన నీకెలా తెలుసు?"

"మీ ఆయనెవరు?"

"ఎబో! లారీ ఎబో!"

దెడే గరిటె అందుకుని కుండ అంచుకి రెండుసార్లు కొట్టి శుభ్రం చేసింది. "చూడు తల్లీ. నాకు అరవై మూడు. ముందుపళ్ళు రెండు లేవు. మీ ఆయనకి ఈ రుచి ఉంటే వచ్చి తీసుకుపొమ్మను, నాకూ వంటపని తప్పుతుంది."

"నువ్వు కాకపోతే నీ కూతురేమో!"

"నాకు ముగ్గురూ కొడుకులే. నీ మొగుడికి పనికిరారు."

ఈసారి నాకే నవ్వొచ్చింది. దగ్గులో కలిపేశాను. కాని దెడే నవ్వట్లేదు. పడుచువాళ్ళని నీళ్ళకి పంపించి, వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఆగి, కత్తిపీట మీదినుంచి లేచినంత నిదానంగా మావైపు తిరిగింది.

"మీరు నన్ను అనుమానించారు, సరే. నేనూ నిన్ను అనుమానించాను. నెలనెలా సంచుల్నిండా సీసాలు మోసుకొచ్చే తల్లి, ఆ తల్లి కూతురేమో నా గుమ్మం పక్కన కూర్చుని ఒట్టి గారీ, కర్రపెండలం రవ్వ, నీళ్ళలో కలుపుకుని తాగుతుంది. మూడు వారాలు చూశాను. ఈవిడ కన్నతల్లా, సవతి తల్లా, జనానికి చూపించడానికి తెస్తోందా అనుకున్నా. అందుకే ఖాళీ సీసా ఒకటి కడిగి నా కారం పోసి ఇచ్చాను. అల్లం లేకపోయినా తింది పాపం."

"ఒట్టి గారీయా? మరి నేను పంపినవి?" అరబా గొంతు మారిపోయింది.

"అదే నిన్నడుగుతున్నా. కారం అమ్మేదానివి, కొలత తెలిసినదానివి. ఒక్క పిల్ల నెలకి మూడు సీసాల మిరప తింటే బతుకుతుందా? ఎప్పుడైనా అడిగావా?"

అరబా నావైపు చూసింది. బండిలో నేనడిగింది గుర్తొచ్చి నేను కొంచెం నిటారుగా నిలబడ్డాను. దెడే నన్నూ వదల్లేదు.

"నువ్వేగా దర్జీ అమ్మవి? కుట్టింది పుర్రచెయ్యని కనిపెట్టేశావని పిల్ల చెప్పింది. గొప్పే. మరి చింపింది ఏ చెయ్యో కనిపెట్టావా?"

ఆ మెడపట్టీని దీపం కింద పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, పోగు పోగు లెక్కపెట్టినంత పని చేశాను. గుడ్డ దానంతటదే జానెడు చిరగదని, ఎవరో పట్టి లాగితేనే అలా చిరుగుతుందని నాకు తెలీదా? ముప్ఫై ఏళ్ళ సూది! కుట్టిందెవరని అడిగాను, చిరిగిందెందుకని అడగలేదు.

"ఎవరమ్మా చింపింది?" అంది అరబా. ఇప్పుడు 'అమ్మా' వచ్చింది నోట్లోకి.

"నేను చెప్పను. ఎవరికీ చెప్పనని పిల్ల నాచేత మాట తీసుకుంది. పేరెత్తకుండా ఆఫీసులో ఒక మాట వేసి చూశాను. 'దెడే, నీ కుండల సంగతి నువ్వు చూసుకో, పిల్లలన్నాక ఉంటాయి' అన్నారు. సరే, నా కుండలు చూసుకుంటున్నా." ఆవిడ బియ్యం బస్తాల వెనక్కి చెయ్యి పెట్టి ఒక చిన్న మూట బయటికి లాగింది. లంగా ఒకటి, చెప్పులు, బైబిలు, పాత తువ్వాలులో చుట్టి ఉన్నాయి. తువ్వాలు అరబాదే. "పోయిన బుధవారం నన్నడిగింది, ఈ వెనక దారి ఎక్కడికి పోతుందమ్మా అని. సముద్రం రోడ్డుకి పోతుంది, లారీలు ఎవరు చేయెత్తినా ఆపుతాయి, ఎలాంటివాళ్ళైనా తోలుతుంటారు. నాకు గుండె ఆగిపోయింది. ఆదివారం మీ అమ్మొస్తుంది, ఒక్కసారి చెప్పి చూడు, వినకపోతే అప్పుడు ఆలోచిద్దాం అని మూట లాక్కుని దాచాను. ఈ మధ్య ఈ దారి అందరికీ కావాలి. ఇంకో పిల్లా అడిగింది, అదైతే నవ్వుతూ అడిగింది, ఆటకనుకుని తరిమేశా."

అరబా ఆ మూటని రెండు చేతులతో తీసుకుంది. బోర్లించిన కుండ ఒకటి కనబడితే దానిమీద కూలబడింది.

"పొద్దున నీతో ఏమైనా చెప్పిందా?" అంది దెడే.

"చెప్పబోయింది."

"నువ్వేమన్నావు?"

"లెక్కల్లో ఎన్నొచ్చాయని అడిగా." అరబా కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "తిన్నావా అని అడిగా. వాళ్ళ నాన్న ఎవరితో వస్తాడని అడిగా."

దెడే మళ్ళీ గరిటె పట్టుకుని, ఈసారి దాచుకోకుండా ఎడమచేత్తోనే తిప్పింది. కుండ అడుగంటుతోంది మరి.

సీసాల సంచి నేను పట్టుకుని, ఇద్దరం తిరిగి వచ్చేసరికి మాన్సా చాప మీద అలాగే కూర్చుని ఉంది, కెంకీ విప్పలేదు. అరబా రోజూ పిల్లలతో నిలబడి మాట్లాడుతుంది, నడుం మీద చెయ్యేసుకుని. ఆ రోజు పక్కన చతికిలబడింది. మూటని పిల్ల ఒళ్ళో పెట్టింది. మాన్సా దాన్ని గుర్తుపట్టి బిగుసుకుపోయింది.

"తిట్టనే," అంది అరబా. "ఇందాక ఏదో చెప్పబోయావు. నేను నోరు మూసుకుంటా. నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు."

అరబా నోరు మూసుకోవడం నేను ఆవిడ పెళ్ళినాడు కూడా చూడలేదు. ఆ రోజు చూశాను. పక్క చాపవాళ్ళు తినడం ముగించి చేతులు కడుక్కున్నారు, ఒక చంటిపిల్ల మా మధ్యనుంచి పాక్కుంటూ పోయింది, అరబా పెదవులు నొక్కిపట్టుకునే ఉంది. రెండుసార్లు మాట గొంతుదాకా వచ్చింది, మింగేసింది. మూడోసారి నేనే గిల్లాను.

అప్పుడు మాన్సా మూట మీది ముడిని విప్పుతూ, కడుతూ, మొదలుపెట్టింది.

"నీ షిటో నేను మొదటివారం తప్ప తినలేదమ్మా. పెట్టె తాళంచెవి నా దగ్గర లేదు. వాళ్ళే తీసుకుని తింటారు, పెద్ద తరగతివాళ్ళు. సీసా అయిపోతే ఇంకా తెప్పించమంటారు. తక్కువ తెస్తే రాత్రి వాళ్ళ బట్టలన్నీ ఉతకాలి, మోకాళ్ళ మీద నిలబడాలి. సెలవులకి ముందు ఇంక అడగనన్నాను. అప్పుడే మెడపట్టీ చిరిగింది."

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?" అంది అరబా. తిట్టు కాదు అది, బతిమాలుకోవడం.

"నువ్వు బోర్డు రాయించావుగా."

అరబా గుడ్లప్పగించింది.

"ఎంత సంతోషంగా ఉన్నావో నువ్వు. వచ్చినవాళ్ళందరికీ చూపించావు. నేను చెప్తే ఆ బోర్డు తీసెయ్యాలి. ఎలా చెప్పను?" మాన్సా మూట ముడి మళ్ళీ బిగించింది. "ఇంకోటి. నన్ను అప్పగించింది నువ్వే."

ఎవరికి అప్పగించిందో అడగక్కర్లేదు, నాకు గుర్తుంది. చేర్చిన రోజున మేమిద్దరం ఏ తల్లులైనా చేసేదే చేశాం. కొత్తపిల్లకి పెద్ద తరగతి పిల్ల ఒకతెను బడితల్లిగా చూసిపెడితే దిగులుండదని, అందరిలోకీ ఒద్దికగా, నవ్వుమొహంతో కనబడిన పెట్రీనాని అరబాయే ఎంచుకుంది. మాన్సా చెయ్యి పట్టి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "ఇక్కడ నువ్వే దీనికి తల్లివి" అంది. పైగా ఒక సీసా షిటో కూడా ఇచ్చింది. నేను పక్కనే నిలబడి భేష్ అన్నాను.

"ఆ పెట్రీనానా?" అన్నాను. మాన్సా తలూపింది.

అరబా లేవబోయింది. ఆవిడ మెడనరాలు చూస్తే కొండ మొత్తం దద్దరిల్లేలా ఉంది. మాన్సా కొంగు పట్టుకు లాగింది.

"వద్దమ్మా, అరవకు. నువ్వు అరిచి సాయంత్రం బండెక్కి వెళ్ళిపోతావు. రాత్రికి నేనిక్కడే పడుకోవాలి."

అరబా సగం లేచిన మనిషి ఆగిపోయింది. ఊపిరి రెండుసార్లు లోపలికి తీసుకుంది. ఆవిడ నాకు ఇరవయ్యేళ్ళుగా తెలుసు. సంతలో తూకం తేడా వస్తే బండరాళ్ళు విసిరే మనిషి. ఆ రోజు కూతుర్ని అడిగిన మాటకి నేను ఆవిణ్ణి జీవితాంతం గౌరవిస్తాను.

"సరే. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఇలా అడుగుతారని మాన్సా అనుకోలేదు. "తాళంచెవి అడుగు," అంది చివరికి. "అందరూ ఉన్నప్పుడే, మెల్లగా అడుగు. అంతే చాలు."

తలుచుకున్నట్టే పెట్రీనా వచ్చింది. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం, తీర్చి కత్తిరించిన జుట్టు. ఒక మోకాలు వంచి దణ్ణం పెట్టింది, ఏ తల్లి చూసినా ఇలాంటి కూతురుంటే చాలనుకునేలా.

"ఆంటీ! ఎప్పుడొచ్చారు? నా బిడ్డ నాతో చెప్పనే లేదు. మాన్సా, ఆంటీకి నీళ్ళిచ్చావా?" అంటూనే సీసాల సంచివైపు కుడిచెయ్యి చాపింది. "ఇటివ్వండి, నేను పెట్టెలో సర్దేస్తాను. ఇది అన్నీ చిందరవందర చేస్తుంది."

మాన్సా నేలకేసి చూడలేదు. తల్లికేసి చూసింది.

"ఎందుకు తల్లీ నీకు శ్రమ?" అంది అరబా, సంతలో పాత ఖాతాదారుతో మాట్లాడినంత తియ్యగా. "ఇవాళ నేనున్నాగా, నేనే సర్దుకుంటా. దాని తాళంచెవి ఒక్కసారి ఇటివ్వు."

"పర్లేదాంటీ, నేను..."

"ఇవ్వు తల్లీ. కన్నతల్లిని, కూతురి పెట్టె చూసుకోకూడదా?"

గొంతు పెంచలేదు. అయినా పక్క చాపలవాళ్ళు తలలు తిప్పారు. ఎదుటి చెట్టు కింద ఒకావిడ చేప ముల్లు తీస్తూ ఆగిపోయింది. వాళ్ళ పక్కనున్న చిన్న తరగతి పిల్లలు మాత్రం తల్లుల్ని చూడట్లేదు, ఊపిరి బిగబట్టి పెట్రీనా మెడ చూస్తున్నారు. నాకు అది వింతగా అనిపించింది.

పెట్రీనా నవ్వింది. నవ్వుతూనే చొక్కా మెడలోకి రెండు వేళ్ళు పెట్టి, లోపలే ఏదో విప్పడానికి తడుముకుంది. ముడి రాలేదు. అరబా చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది. ఆ అమ్మాయి ఇంకాస్త లాగింది, తాడు తెగింది, తాడుతో పాటు లోపలున్నదంతా చాప మీద పడింది.

ఒక్క తాళంచెవి కాదు. తొమ్మిది.

మాన్సా వంగి వాటిలోంచి తనది ఏరుకుని గుప్పిట్లో పెట్టుకుంది. ఎదుటి చెట్టు కింది పిల్ల ఒకతె వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది, వాళ్ళమ్మ "ఏమైందే, ఏమైందే" అంటోంది. అరబా ఆ తల్లుల్నందరినీ పేరుపేరునా పిలవడానికి తల ఎత్తింది. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను.

మిగిలిన ఎనిమిదిలో ఒకదానికి పసుపు గుడ్డపీలిక ఉంది. మాసిపోయింది, పువ్వు ఆకారం పోయింది. ముడి మాత్రం నాదే.

బ్రహ్మాండం, అంది. పగలబడి నవ్వింది. నేను ఇంకో మాట అడగలేదు.

బెంచీ వైపు తిరిగాను. స్నేహితురాళ్ళు ముగ్గురూ అక్కడే ఉన్నారు. నేను తెచ్చిన పొట్లం వాళ్ళ పక్కన, కట్టిన తాడు కట్టినట్టే ఉంది. కుకువా లేదు.

"ఏది? మా పిల్లేది?" అన్నాను.

వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ భుజాల మీదుగా నాకు వంటింటి వెనక గుమ్మం కనిపిస్తోంది. అక్కడ దెడే నిలబడి ఉంది. ఎడమచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, సముద్రం రోడ్డుకి దిగే ఆ దారిలో ఎవరినో పోల్చుకోవడానికి చూస్తోంది.